గంటకు మేజోడు

గంటమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అసలు పేరు గుర్తింపు కార్డులో భద్రంగా ఉంది, దాని జోలికి మనం పోవద్దు. కొండ మలుపు తిరగకముందే మేక మెడలో గంట వినిపిస్తుంది, ఆ వెంటనే ఆమె గొంతు వినిపిస్తుంది. రెంటిలో ఏది పెద్దదని పందెం కాసి ఓడినవాళ్ళు కింద బజారులో చాలామందే ఉన్నారు. వయసు అరవై ఒకటి. అందులో నలభై వేసవులు నూట యాభై గొర్రెలకు, పాతిక మేకలకు ముందు నడిచి వాటిని పై పచ్చికకు తీసుకెళ్ళింది.

నడిచేటప్పుడు ఊరికే నడవదు. చేతిలో కదురు తిరుగుతూనే ఉంటుంది. ఎక్కేటప్పుడు ఉన్ని వడుకుతుంది, పైకి చేరాక ఆ దారంతో మేజోళ్ళు అల్లుతుంది. ఆమె అల్లిన మేజోళ్ళు తొడిగిన కాలికి చలి సోకదని పేరు. అయితే వాటికొక షరతు ఉంది. కొండెక్కే కాళ్ళకే తప్ప మరెవరికీ అల్లదు. అత్తగారికి అల్లింది, మొగుడికి అల్లింది, ఒకసారి దారి తప్పి పైకి వచ్చిన పోస్ట్‌మాన్‌కి కూడా ఒక జత అల్లి పంపింది. కొడుక్కి పదహారేళ్ళు వచ్చేదాకా అల్లింది. వాడు రోడ్డు పనుల్లో బుల్డోజర్ నడపడానికి వెళ్ళిన ఏడాది ఆపేసింది. "కొండను తవ్వేవాడికి బూట్లూ సాక్సులూ కంపెనీయే ఇస్తుందిలే" అంది. ఇక కోడలు ఇంటికొచ్చి నాలుగేళ్ళయినా ఆ పిల్ల పేర ఒక్క పోగు కూడా పడలేదు.

అలాగని అత్తాకోడళ్ళకు పడదనుకునేరు. పడుతుంది, వాళ్ళ తరహాలో. కోడలు పెళ్ళికి ముందు బస్టాండు వెనక వీధిలో దర్జీ దుకాణంలో కుట్టుపని చేసేది. చేతిలో కత్తెర ఎంత చురుకో నోట్లో మాట అంత చురుకు. కాళ్ళకు దుకాణంలో కొన్న నైలాన్ మేజోళ్ళు వేసుకుంటుంది, వాటి మీద పసుపుపచ్చ బాతు బొమ్మలుంటాయి. ఆ బాతుల్ని చూసినప్పుడల్లా గంటమ్మ ఒకసారి దగ్గుతుంది. అంతకుమించి ఏమీ అనదు.

ఆ వేసవి మొదట్లో గడ్డి ఆఫీసరు వాళ్ళింటికి వచ్చాడు. పాపం ఆయన గడ్డి తినే రకం కాదు, పచ్చికల లెక్క చూసే ఉద్యోగం కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇల్లంటే ఒకటే పొడుగాటి గది. ఒక గోడ వెంట కప్పుదాకా ఉన్ని బస్తాలు, ఇంకో గోడకు కుట్టుమిషను, మధ్యలో చెక్కబల్ల మీద గంటమ్మ మొగుడు. ఆయనకు కిందటేడు నడుము పట్టేసింది. డాక్టరు కొండ వైపు చూడొచ్చు కానీ ఎక్కకూడదన్నాడు. అప్పట్నుంచి ఆయన వేణ్ణీళ్ళ సంచి మీద పడుకుని అందరికీ సలహాలు ఇస్తూ కాలక్షేపం చేస్తున్నాడు.

"మూడేళ్ళు వరసగా మంద మేయని పచ్చికను జాబితాలోంచి తీసేస్తామమ్మా. కంచె వేసి మొక్కలు నాటతారు. మీ పై పచ్చికకు రెండేళ్ళు అయిపోయాయి" అన్నాడు ఆఫీసరు.

"మొదటేడు కొండచరియ విరిగి బాట కొట్టుకుపోయింది. రెండో ఏడు ఈయన నడుము కొట్టుకుపోయింది. మందకు రెక్కలు కట్టి ఎగరెయ్యమంటారా?"

"నేనేమీ అనను. వచ్చే నెల పదిహేనో తారీఖు మధ్యాహ్నం పైకి వస్తాను. మంద ఉంటే ఉందని రాస్తాను, లేకపోతే లేదని రాస్తాను. ఆ రోజుతో జాబితా మూసేస్తారు."

ఆయన వెళ్ళిపోయాడు. కింది వాలులో గడ్డి నెల రోజులకు మించి రాదు. పై పచ్చిక పోతే మందను అమ్ముకోవడం తప్ప దారి లేదు, ఆ మాట ఎవరూ పైకి అనక్కర్లేదు.

కొడుకు ఫోనులో తేలిగ్గా తేల్చేశాడు. "నాలుగు లారీలు మాట్లాడతానమ్మా. కొత్త రోడ్డు మీద సొరంగం దాటితే పూటలో పైకి చేరుస్తా."

"నీ లారీలో గొర్రెలు చేరతాయిరా, వాటి ఊపిరి ఇక్కడే ఉండిపోతుంది" అంది గంటమ్మ. అది ఉత్త మొండితనం కాదు. పక్కింటి కాపరి కిందటేడు అలాగే ఎక్కించాడు. అంత ఎత్తు ఒక్కసారిగా ఎక్కేసరికి సగం మంద వారం రోజులు నోళ్ళు తెరుచుకుని పడి ఉంది. రోజుకింత నడిచి ఎక్కితేనే పైగాలి జీవాలకు అలవాటవుతుంది.

నడవడానికి ఆమె సిద్ధమే. కానీ మంద నడవాలంటే ముందొకరు, వెనకొకరు ఉండాలి. వెనక నడిచే మనిషి చెక్కబల్ల మీద ఉన్నాడు. ఆయన పౌరుషానికి పోయి లేవబోయాడు. నడుములో టక్కుమని చప్పుడైంది, మళ్ళీ పడుకున్నాడు.

"నేను వస్తా" అంది కోడలు, మిషను మీంచి తలెత్తకుండానే.

"నువ్వా? బస్సెక్కితేనే ఆయాసపడతావు."

"బస్సులో మనుషులు తోస్తారు కాబట్టి ఆయాసం అత్తయ్యా. గొర్రెలు తోయవుగా."

ముసలాయన నవ్వబోయి నడుము పట్టుకున్నాడు. గంటమ్మ వేరే గతి లేక సరేనంది. కోడలి బాతుల వైపు చూసి మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు దగ్గింది.

ఆరు రోజులు నడిచారు. ముందు గంటమ్మ, ఆమె మోచేతి పక్కనే దొరసాని. దొరసాని అంటే మందను నడిపించే తెల్లమేక. నడకలో ఠీవి, చూపులో చులకన, గడ్డం చూస్తే రిటైరైన హెడ్మాస్టరు. దాని మెడలో గంటమ్మ అత్తగారి నాటి ఇత్తడి గంట. ఆ చప్పుడు ఎటు వెళితే మందంతా అటే. ఈ పనిలో ఒక నియమం ఉంది. ముందు నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే దొరసాని ఆగుతుంది, అది ఆగితే మంద చెదురుతుంది. వెనక అంతా సవ్యంగా ఉందో లేదో వెనక నడిచే మనిషి కేకేసి చెప్పాలి. కోడలు మొదటి రోజు ప్రతి పది అడుగులకూ "బాగానే ఉన్నాం అత్తయ్యా" అని కేకేసింది. రెండో రోజుకు గొంతు పోయి బుద్ధి వచ్చింది. అయిదో రోజుకు కుంటే గొర్రె ఏదో, కుంటినట్టు నటించే గొర్రె ఏదో కోడలికి తెలిసిపోయింది.

పదకొండో తారీఖు సాయంత్రానికి సొరంగం చేరారు. పాత బాట ఉన్నచోట ఇప్పుడు ఎర్రమట్టి గాయం తప్ప ఏమీ లేదు, కాబట్టి ఇదొక్కటే దారి. పొడవు ముప్పావు కిలోమీటరు. లోపల అక్కడొకటి ఇక్కడొకటి పచ్చటి దీపాలు. బయట రేకుల గదిలో కిరసనాయిలు స్టవ్వు, ఎర్రజెండా, ఈల, వీటన్నిటికీ యజమానిగా ఒక కాపలాదారు.

"పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా బళ్ళను ఆపుతా. అంతే. అరగంట దాటితే నా ఉద్యోగం కూడా మీ మందలో కలిసిపోద్ది" అన్నాడు.

పన్నెండో తారీఖు పొద్దున ఆరింటికి గంటమ్మ ఉప్పుసంచి భుజాన వేసుకుని సొరంగంలోకి అడుగుపెట్టింది. దొరసాని ఠీవిగా వెంట నడిచింది. గొర్రెలు వరసగా లోపలికి వచ్చాయి. వంద అడుగులు బాగానే సాగింది. తర్వాత ఏమైందో కానీ మొదటి వరస ఆగింది, రెండో వరస దాన్ని గుద్దుకుంది, ఒక పొట్టేలు గిరుక్కున వెనక్కి తిరిగింది. గొర్రెదాటు అని ఊరికే అనలేదు పెద్దలు. నూట యాభై గొర్రెలూ వచ్చిన దారినే పరుగు. బయట జెండా పట్టుకున్న కాపలాదారు గదిలోకి దూరి తలుపేసుకున్నాడు. మంద ఆయన గదిని చుట్టుముట్టింది. ఒక మేక కిటికీలోంచి తలపెట్టి ఆయన తువ్వాలు నమలడం మొదలుపెట్టింది.

గంటమ్మకు తల తిరిగింది. నలభై ఏళ్ళలో దొరసానులు నలుగురు మారారు కానీ గంట వెంట రాని మందను ఆమె చూడలేదు. "చీకటికి బెదిరాయి" అంది.

"చీకటికి కాదత్తయ్యా" అంది కోడలు. "లోపల గంట అన్ని వైపుల నుంచీ మోగుతోంది. నాకైతే అది నా వెనకనుంచే వస్తోందనిపించింది. మీరు ముందున్నారో వెనకున్నారో నాకే తెలియలేదు, ఇక వాటికేం తెలుస్తుంది?"

గంటమ్మ సొరంగం నోటి దగ్గర నిలబడి గంటను ఒకసారి ఊపింది. కొండ దాన్ని నాలుగు చోట్ల నుంచి తిరిగి ఇచ్చింది. కోడలు చెప్పింది నిజమేనని తెలిసింది, తెలిసినందుకు కోపం కూడా వచ్చింది.

"గంట నోరు మూయించాలి" అంది కోడలు.

"అది మా అత్తగారి గంట."

"అయితే కష్టమే."

కాపలాదారు తలుపు సందులోంచి నవ్వాడు. గంటమ్మ నవ్వలేదు. కాసేపు కదురు తిప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "గంటలో గడ్డి కుక్కితే మోగదు. కానీ అది దొంగల పని. పరాయి చేను పక్కనుంచి మందను పోనిచ్చేటప్పుడు చేస్తారు, రెండు నోళ్ళు మేసినా ఎవరికీ వినపడకుండా" అంది.

"మీరెప్పుడూ చెయ్యలేదా?"

"ఒకటి రెండు సార్లు."

"నలభై ఏళ్ళలోనా?"

"ఏడాదికి" అంది గంటమ్మ, కొండవైపు చూస్తూ.

పదమూడో తారీఖు పొద్దున గంట నాలుక చుట్టూ పచ్చగడ్డి దిట్టంగా కుక్కి బయల్దేరారు. ఈసారి చప్పుడు లేదు. గంటమ్మ ఉప్పు గుప్పిట్లో పట్టుకుని ముందు నడుస్తోంది, దొరసాని ఆ వాసన పట్టుకుని నడుస్తోంది, మంద దొరసానిని పట్టుకుని నడుస్తోంది. సగం సొరంగం దాటారు. గంటమ్మ మనసులో పచ్చికను చూసేసుకుంటోంది. సరిగ్గా అప్పుడు ఖణేల్‌మంది.

దొరసానికి ఒక కూతురుంది. ఏడాది పిల్ల, ఉత్త తిండిపోతు. తల్లి మెడలో పచ్చగడ్డి వేలాడుతుంటే ఏ మేక ఊరుకుంటుంది? పక్కన నడుస్తూ ఒక్కో పరకే లాగి, శుభ్రంగా గంటంతా మేసేసింది. గంట మోగింది, సొరంగం దాన్ని వందచేసింది, మంద వెనక్కి తిరిగింది. వెనకున్న కోడలు గోడనానుకుని ఉన్న దిమ్మె ఎక్కి నిలబడింది. నూట యాభై గొర్రెలు ఆమెను రాసుకుంటూ పోయాయి. బయటికి వచ్చేసరికి జుట్టు ఊడి, ఒంటినిండా ఉన్ని అంటుకుని, ఏది గొర్రో ఏది కోడలో పోల్చుకోవడం కష్టమైంది.

"గొర్రెలు తోయవన్నావు" అంది గంటమ్మ.

"బస్సే నయం" అంది కోడలు.

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక గంటమ్మ రాయి మీద కూలబడింది. రేపు పద్నాలుగు. రేపు దాటితే ఎల్లుండి మధ్యాహ్నానికి పచ్చిక అందుతుంది. రేపు దాటకపోతే ఆఫీసరు ఖాళీ పచ్చికను చూసి లేదని రాసుకుని వెళ్ళిపోతాడు. "మేక మెడకు గడ్డి కట్టాను చూడు" అంది. "నలభై ఏళ్ళ అనుభవం. పసిపిల్లకైనా తెలుస్తుంది, మేక గడ్డి తింటుందని." పరాయి చేల పక్కన ఆ తిప్పలు ఎప్పుడూ రాలేదు. అక్కడ మేసేందుకు చేనుంది, గంటలో గడ్డి ఎవరికి కావాలి? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పే ఓపిక కూడా లేక అలాగే కూర్చుంది.

కోడలు పక్కన కూర్చుని బూటు విప్పి, కుడికాలి మేజోడు లాగింది. గంటను తిరగేసి, లోపలికి కొలత చూసి, మేజోడును నాలుకకు చుట్టి కుక్కి, మిగిలిన కొసను గంట అంచు మీదికి లాగి, సంచిలోంచి సూదీ దారమూ తీసి చుట్టూ బిగించి కుట్టేసింది. ఊపి చూపించింది. చిన్న చప్పుడు కూడా లేదు. గంట మూతిమీద పసుపుపచ్చ బాతొకటి అందర్నీ చూస్తోంది.

"నైలాను. ఏ మేకా తినదు" అంది.

"నీ కాలో?"

"రెండున్నాయిగా."

పద్నాలుగో తారీఖు పొద్దున ఆరింటికి గంటమ్మ మూడోసారి సొరంగంలోకి నడిచింది. ఈసారి గంట మోత లేదు, కేకలూ లేవు. కేకేస్తే అదీ మారుమోగుతుందని ముందే అనుకున్నారు. దొరసాని ఊపిరి మోచేతికి వెచ్చగా తగులుతోంది. దాని వెనక ఏముందో తెలియదు. డెక్కల చప్పుడు ముందునుంచీ వెనకనుంచీ పైనుంచీ కూడా వస్తోంది. పది గొర్రెలు వస్తున్నాయో, వందో, అన్నీ ఎప్పుడో వెనక్కి వెళ్ళిపోయి ఈ తెల్లమేకా తనే మిగిలారో చెప్పేవాళ్ళు లేరు. తిరిగి చూడాలని మెడ లాగుతోంది. నలభై ఏళ్ళూ వెనకనుంచి మొగుడి కేక వినబడేది, ఆ ధైర్యంతో నడిచేది. ఇప్పుడు వెనకున్నది వారం కిందటి దాకా చొక్కాలకు కాజాలు కుట్టిన పిల్ల, పైగా ఒక కాలికి మేజోడు లేదు. గంటమ్మకు నిజంగా భయమేసింది. అయినా తిరిగి చూడలేదు.

ఎదర తెల్లటి వెలుగు చుక్క కనబడింది. అది పళ్ళెమంత అయింది, తలుపంత అయింది. ఎండ మొహాన కొట్టింది. గంటమ్మ బయటికి వచ్చి, రోడ్డు దిగి, గట్టు ఎక్కి, అప్పుడు తిరిగింది.

సొరంగం నోట్లోంచి గొర్రెలు పాలు పొంగినట్టు వస్తున్నాయి. వస్తూనే ఉన్నాయి. కుంటే గొర్రె వచ్చింది, కుంటినట్టు నటించేదీ వచ్చింది. అందరికన్నా చివర కోడలు వచ్చింది, గడ్డి దొంగను తాడుతో నడుముకు కట్టుకుని, పోలీసు నేరస్థుణ్ణి తెచ్చినట్టు. సొరంగం అవతల కాపలాదారు ఈల ఊదాడు. అది బళ్ళకు ఊదినదో సంతోషానికి ఊదినదో ఆయనకే తెలియాలి.

"అన్నీ వచ్చాయా అత్తయ్యా?"

"నువ్వొచ్చావుగా, వచ్చినట్టే" అంది గంటమ్మ. అత్తగారి నోటినుంచి అలాంటి మాట వినడం కోడలికి అదే మొదలు. అందుకని సరిగ్గా విన్నానా అని చూసింది. గంటమ్మ అప్పటికే కదురు తీసి నడక మొదలుపెట్టింది.

పదిహేనో తారీఖు మధ్యాహ్నం గడ్డి ఆఫీసరు రొప్పుతూ పచ్చిక ఎక్కాడు. రెండేళ్ళుగా మేత లేక గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది, అందులో తలలు ముంచిన మంద ఆయన్ను పట్టించుకోలేదు. ఆయన ఫారం తీసి, "మంద మేసినట్టు ఆనవాళ్ళు కూడా చూడాలమ్మా, రూలు" అన్నాడు.

"మీ ఎడం బూటు కింద చూసుకోండి" అంది కోడలు.

ఆయన చూసుకున్నాడు. మేక పెంటికలు కావలసినన్ని ఉన్నాయి. బూటు గడ్డికి తుడుచుకుని, నవ్వి, ఉందని రాశాడు. వెళ్ళేముందు దొరసాని మెడకేసి వింతగా చూశాడు. "ఆ గంటకు బాతేమిటి?"

"చలికి" అంది గంటమ్మ.

తర్వాత అయిదు రోజులు వాన. రాతి గుడిసెలో పొయ్యి పక్కన కోడలు కాలు చాపుకుని కూర్చుంది. మేజోడు లేని కాలికి మడమ మీద పెద్ద పొక్కు లేచింది, గంటమ్మ రోజూ దానికి వెన్న రాసింది. మిగతా వేళంతా గోడవైపు తిరిగి ఏదో అల్లుతూ కూర్చుంది. ఏమిటని అడిగితే దగ్గింది. మూడోనాడు దొరసానిని లోపలికి పిలిచి దాని గంటను దారంతో చుట్టి కొలవడం కోడలు చూసింది. గంటమ్మ మొగుడు ఫోను చేసి అల్లిక గురించి సలహా చెప్పబోతే కొండల్లో సిగ్నలు లేదని పెట్టేసింది.

ఆరో రోజు వాన వెలిసింది. గంటమ్మ కోడలి ఒళ్ళో ఒక మూట పడేసి, మందను చూడాలన్నట్టు గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. కోడలు విప్పింది. బూడిదరంగు ఉన్నితో ఒత్తుగా అల్లిన మేజోళ్ళు. కాళ్ళకు తొడుక్కుంది. పొక్కుకు ఎక్కడా తగల్లేదు. మూటలో ఇంకొకటి మిగిలింది.

"మూడున్నాయేమిటి అత్తయ్యా?"

"రెండు నీకు. అది గంటకి. దిగేటప్పుడు సొరంగం ఉందిగా. మళ్ళీ ఎక్కేటప్పుడూ ఉంటుంది."

కోడలు మూడోదాన్ని వెలుగులోకి పట్టి చూసింది. చిన్నది, గుండ్రంగా గంటకు సరిగ్గా సరిపోయేలా ఉంది. దాని మీద పసుపు దారంతో ఒక బొమ్మ. నాలుగు కాళ్ళున్నట్టూ ఉంది, ముక్కున్నట్టూ ఉంది, గడ్డం ఉన్నట్టూ ఉంది. కోడలు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఇది బాతా, మేకా?" అంది చివరికి.

గంటమ్మ వెనక్కి తిరగలేదు. "వచ్చే ఏడాది ఇంకా బాగా అల్లుతాలే" అంది.